బతికున్నోళ్ళకు దినాలు

మన పల్లెల్లో దినం అనే మాటకు ఒకటే అర్థం. మనిషి పోయినాక చేసేది దినం. చిన్న దినం, పెద్ద దినం అంటాం. చుట్టాలు వస్తారు, పోయినవాడి గురించి నాలుగు మంచి మాటలు చెప్తారు, అన్నం తిని ఎవరి దోవన వాళ్ళు పోతారు. సర్కారువారికి, కంపెనీలవారికి ఈ మాటకు వేరే అర్థం ఉంది. వినాయక చవితి దాటినప్పటి నుంచి కార్తీకం వానలు తెరిపిచ్చే దాకా వాళ్ళు బతికున్న మనకు దినాలు చేస్తారు.

లెక్క చూడండి. సెప్టెంబరు నెలంతా పోషకాహార మాసం. 10న ఆత్మహత్యల నివారణ దినం. 28న కుక్కకాటు రోగం మీద, 29న గుండె మీద. అక్టోబరు 1 ముసలివాళ్ళ దినం, రక్తదాన దినం కూడా అదే. 10న మానసిక ఆరోగ్యం, 11న ఆడపిల్లల దినం, 15న చేతులు కడుక్కునే దినం, 16న ఆహార దినం, 17న పేదరిక నిర్మూలన దినం. నవంబరు 7 క్యాన్సరు, 14 షుగరు, 19 మరుగుదొడ్లు, 25 ఆడవాళ్ళ మీద హింస. డిసెంబరు 1 ఎయిడ్స్, 3 వికలాంగుల దినం, 10 మానవ హక్కులు. ఇన్ని దినాలు గుర్తు పెట్టుకోవాలంటే కూలి పని మానుకుని కూర్చోవాలి!

దినం ఎట్లా జరుగుతుందో అందరికీ తెలిసిందే. బడిపిల్లల చేతికి అట్టలు ఇస్తారు. ఫ్లెక్సీ కడతారు. ఫ్లెక్సీలో పైన పెద్దల బొమ్మలు, కింద రోగం పేరు. ఆశా అక్క, అంగన్‌వాడీ అక్క, ఏఎన్ఎం అమ్మ ఎండలో నిలబడతారు. ప్రతిజ్ఞ చేయిస్తారు. ఫోటో తీసి పైకి పంపుతారు. మధ్యాహ్నానికి దినం ముగుస్తుంది. రోగం మాత్రం పల్లెలోనే ఉంటుంది.

మేము ఈ దినాలకు శత్రువులం కాదు. ఆశా అక్కల మీద మాకు కోపమూ లేదు. వాళ్ళలో చాలామంది మన బిడ్డలే. పైనుంచి వచ్చిన సర్క్యులరును మోసేది వాళ్ళే, ఫోటో ఆలస్యమైతే మాట పడేదీ వాళ్ళే. మా గొడవంతా ఈ దినాల వెనక ఉన్న ఆలోచనతో. ఆ ఆలోచన ఏమిటి? పేదవాడికి తెలియదు కాబట్టి రోగం వస్తుంది, చెప్తే పోతుంది అని. దీన్నే అవగాహన అంటున్నారు. తప్పు ఎవరిది? తెలియనోడిది. బాధ్యత ఎవరిది? తెలియనోడిదే. చెప్పినవాడి పని చెప్పడంతో అయిపోయింది. నీళ్ళు, కూలి, డాక్టరు, సెలవు అనే మాటలు ఆ ఫ్లెక్సీలో ఎక్కడా కనపడవు.

శ్రీసిటీ చుట్టుపక్కల దళితవాడల్లో, అరుంధతివాడల్లో, యానాది కాలనీల్లో నిలబడి ఈ ప్రశ్న వేస్తున్నాం: మనకు తెలియక రోగాలు వస్తున్నాయా? లేక వస్తున్నాయా?

నీళ్ళ దినం

2008 ఆగస్టులో శ్రీసిటీ మొదలైంది. మద్రాసుకు ఉత్తరాన 55 కిలోమీటర్ల దూరంలో, హైవే పక్కన, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల ఊళ్ళ మీద లేచింది. మెట్రో రైలుపెట్టెలు, బండ్లు, ఏసీ మిషన్లు, చాక్లెట్లు అక్కడ తయారవుతున్నాయి. అదే 2008లో అక్టోబరు 15న ప్రపంచంలో మొదటిసారి చేతులు కడుక్కునే దినం జరిపారు. రెండూ ఒక యీడువే. రెండూ మన పల్లెలకు వచ్చాయి. సబ్బుతో చెయ్యి ఎట్లా రుద్దాలో బొమ్మలేసి నేర్పారు. మంచిదే. చేతులు కడిగితే విరేచనాలు తగ్గుతాయి, పసిబిడ్డలు బతుకుతారు. అందులో అబద్ధం లేదు.

అయితే ఒక యానాది కాలనీలో మేము చూసిందేమిటంటే, చేతులు కడగడం నేర్పడానికి వచ్చినవాళ్ళు నీళ్ళ క్యాన్లు వెంట తెచ్చుకున్నారు. కాలనీలో నీళ్ళు లేవని వాళ్ళకు ముందే తెలుసు! ఒక ముసలమ్మ అడిగింది: “ఆ క్యాను ఈడ్నే పెట్టి పోతారా నాయనా?” నవ్వి ఊరుకున్నారు. ఆ దినం ఎవరికి అవగాహన కలిగించాల్సింది? ముసలమ్మకా, క్యాను తెచ్చినవాళ్ళకా?

శుభ్రమైన నీళ్ళ విలువ దళితులకు ఒకరు చెప్పాలా? 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకుని మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగింది ఎందుకు? 1985 జూలై 16 సాయంత్రం కారంచేడులో ఏం జరిగింది? మాదిగపల్లె తాగే నీళ్ళ చెరువులోకి పశువుల కుడితి బకెట్టు కడిగిన మురికినీళ్ళు పోతుంటే, ఇవి తాగే నీళ్ళయ్యా అన్నాడు మన పిల్లోడు. అన్నందుకు కొట్టబోయారు. నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మర్నాడు జూలై 17న పల్లె మీద పడి ఆరుగురిని నరికి చంపారు. కారంచేడును మనం ఆత్మగౌరవ పోరాటం అంటాం. నిజమే. దాన్ని ఇంకో వైపు నుంచి కూడా చూడండి. తాగే నీళ్ళు మురికి చేయొద్దు అనడం ఆరోగ్య అవగాహన కాదా? ఆ అవగాహన ఆ రోజు ఎవరికి ఉంది, ఎవరికి లేదు? చేతులు కడుక్కునే దినం నాడు నిజంగా ఎవరి బొమ్మకు దండ వేయాలంటే సువార్త బొమ్మకే వేయాలి.

తిండి దినం

సెప్టెంబరు పోషకాహార మాసం 2018లో మొదలైంది. అంతకు ముందు 1982 నుంచి పోషకాహార వారోత్సవాలు ఉండనే ఉన్నాయి. నలభై ఏళ్ళు దాటింది చెప్పడం మొదలుపెట్టి. ఫలితం? కేంద్ర ప్రభుత్వం చేయించిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 60 మందికి రక్తహీనత ఉంది. 2019-21 సర్వే నాటికి అది 58.8 అయ్యింది. ఇన్ని ర్యాలీలకు నూటికి ఇద్దరు కూడా పూర్తిగా తప్పించుకోలేదనే గదా అర్థం! అంతమంది ఆడవాళ్ళకూ ఆకుకూర మంచిదని తెలియదా? ఆకుకూర మడి గట్టున కోసుకొచ్చి వండేది వాళ్ళే గదా.

ఆ మడి గట్టు ఏమైంది? శ్రీసిటీకి భూములు సేకరించిన కాలంలో 1894 నాటి చట్టమే నడుస్తోంది. భూమి ఉన్నవాడికి ఎంతో కొంత పరిహారం చూపించింది ఆ చట్టం. ఆ భూమిలో నాటు వేసి, కలుపు తీసి, కోత కోసి బతికిన కూలీ పేరు ఆ చట్టంలో లేదు. 2013లో కొత్త చట్టం వచ్చాక గానీ భూమి లేని కూలీ కూడా నష్టపోయినవాడే అనే మాట కాగితం మీదకు రాలేదు. మడి పోతే కూలి ఒక్కటే పోదు. గట్టు మీది ఆకు పోతుంది, కాలవలో చేప పోతుంది, కూలికి కొలిచిచ్చే గింజలు పోతాయి, గొడ్డుకు గడ్డి పోతుంది. ఇవన్నీ పోయాక పోషకాహార చార్టు తెచ్చి గోడకు అంటిస్తే ఏం తినాలి? చార్టునా?

ఆ చార్టులో ఏముంటుందో కూడా చూడండి. పాలు, యాపిలు, జీడిపప్పు ఉంటాయి. పెద్దకూర ఉండదు. తరతరాలుగా తక్కువ ఖర్చుతో మన ఒంటికి ఇనుమునీ మాంసకృత్తులనూ ఇచ్చిన కూర అది. రక్తం తక్కువైన మనిషికి ఇనుము కావాలని చెప్పే డాక్టరు నోట కూడా ఆ కూర పేరు రాదు. తిండిలో కూడా అంటరానితనం పెట్టి, తిండి గురించి మనకు పాఠాలు చెప్తున్నారు.

షుగరు దినం, నైట్ షిఫ్టు

నవంబరు 14 షుగరు దినం. ఒకప్పుడు షుగరు పెద్దోళ్ళ రోగం, కూర్చుని తినేవాళ్ళ రోగం అనుకునేవాళ్ళం. ఇప్పుడు ప్రతి పల్లెలో ఉంది. ఫ్లెక్సీ మీద ఏం రాస్తారు? వేళకు తినండి, వేళకు నిద్రపోండి, రోజూ నడవండి, ఆందోళన పడకండి.

మన బిడ్డలు శ్రీసిటీకి పోయేది మూడు షిఫ్టుల్లో. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. తెల్లారకముందే రోడ్డు మీదకు వచ్చి కంపెనీ బస్సు కోసం నిలబడాలి. ఎనిమిది గంటలు నిలబడి పని, పోను రాను రెండు మూడు గంటలు. ఇంటికొచ్చాక ఆడబిడ్డకు ఇంటిపని వేరే. వీళ్ళు వేళకు తినేది ఎట్లా? వేళకు పడుకునేది ఎట్లా? రాత్రి షిఫ్టులు మారి మారి చేసేవాళ్ళకు షుగరు, గుండె జబ్బు వచ్చే ముప్పు ఎక్కువని వైద్యశాస్త్రమే చెప్తోంది. మరి షుగరు దినం అవగాహన షిఫ్టు చార్టు రాసేవాడికి గదా ముందు చెప్పాలి! మన రాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లో ఏం చేసింది? ఫ్యాక్టరీల్లో రోజుకు 9 గంటలున్న పరిమితిని 10 గంటలకు పెంచడానికి ఒప్పుకుంది. ఆడవాళ్ళ రాత్రి షిఫ్టుకు దారి తెరిచింది. ఒక చేత్తో పని గంటలు పెంచుతారు, ఇంకో చేత్తో షుగరు ర్యాలీకి జెండా ఊపుతారు.

పని గంటలకు, ఒంటికి ఉన్న సంబంధం బాబాసాహెబ్‌కు తెలుసు. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కౌన్సిలులో కార్మిక శాఖ చూశాడు. వారానికి 54 గంటలున్న ఫ్యాక్టరీ పని 1946 చట్ట సవరణతో 48 గంటలకు దిగింది ఆ కృషి వల్లనే. కార్మికులకు ఆరోగ్య బీమా ఎట్లా ఉండాలో 1944లో అదార్కర్ నివేదిక వచ్చింది ఆయన ఆ శాఖలో ఉన్నప్పుడే. దాని మీదనే 1948లో ఈఎస్‌ఐ లేచింది. అదే 1948 నాటికి బాబాసాహెబ్ షుగరుతో, కాళ్ళ నొప్పులతో తీసుకుంటున్నాడు. అట్లా తీసుకుంటూనే రాజ్యాంగం రాశాడు. షుగరు దినం నాడు మన పల్లెలో చెప్పుకోవాల్సిన కథ ఇది.

ఈఎస్‌ఐ మాట వచ్చింది కాబట్టి విడమరిచి చెప్తాం. నెల జీతం 21 వేల రూపాయల లోపు ఉన్న కార్మికుడు అందులోకి వస్తాడు. కాంట్రాక్టరు కింద పనిచేసినా వస్తాడు. మన జీతంలో నూటికి ముప్పావలా మనది, నూటికి మూడుంబావలా యజమానిది. ఇది దానం కాదు, మన డబ్బు. జబ్బు చేసి పనికి పోలేకపోతే, కట్టాల్సిన రోజులు కట్టి ఉంటే, ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో నూటికి 70 వంతు వస్తుంది. కాన్పుకు 26 వారాల సెలవు జీతం వస్తుంది. ఈ అవగాహన కల్పించే ఫ్లెక్సీ శ్రీసిటీ గేటు దగ్గర ఎవరైనా చూశారా? కంపెనీలు లాభంలో నూటికి 2 వంతులు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెప్తోంది. ఆ లెక్కలో మన పల్లెకు వైద్య శిబిరం పెడతారు, బీపీ చూస్తారు, నాలుగు మాత్రలిస్తారు. పెట్టనీ. శిబిరం మర్నాడు పోతుంది. పే స్లిప్పు మీద ఈఎస్‌ఐ నెంబరు ఉంటే అది మన వెంట వస్తుంది. అన్నలారా, అక్కలారా, ముందు మీ పే స్లిప్పు తీసి చూసుకోండి.

మందుబిళ్ళ సంగతీ అంతే. షుగరు ఉందని చెప్పడం ఒక్క రోజు పని, మందు ఇవ్వడం జీవితమంతా చేయాల్సిన పని. పెద్ద జబ్బు చేస్తే వైద్యసేవ కార్డు ఉంది గదా అంటారు. 2025 అక్టోబరులో, ఈ దినాలన్నీ జోరుగా నడిచే నెలలోనే, సర్కారు బకాయిలు కట్టలేదని ప్రైవేటు ఆసుపత్రుల సంఘం ఆ కార్డు మీద వైద్యం ఆపేసింది. రోగికి అవగాహన ఉంది, కార్డు ఉంది, వైద్యం లేదు.

గుంతలోకి దిగేదెవరు?

నవంబరు 19 మరుగుదొడ్ల దినం. మరుగుదొడ్డి మంచిదే. మన ఆడబిడ్డలు చీకటి పడేదాకా కడుపు బిగబట్టుకున్న రోజులు మనకు తెలుసు. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక చాలా దొడ్లు కట్టారు. కట్టినప్పుడు ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు. గుంత నిండితే దిగేదెవరు?

ఎవరు దిగుతారో ఈ దేశానికి తెలుసు. గుంతలో కూడుకున్న విషవాయువు రెండు పీల్పుల్లో మనిషిని పడగొడుతుంది. కాపాడబోయి దిగిన రెండోవాడూ అక్కడే పడిపోతాడు. చచ్చినవాడి కులం పేపర్లో రాయరు, రాయాల్సిన పనీ లేదు. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఒక్కో చావుకు 10 లక్షలు కట్టాలంది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. చావుకు ధర పెరిగింది. దిగడం ఆగలేదు.

దీనికి ఉపాయం లేదా? ఉంది. రెండు గుంతల దొడ్డి కడితే చాలు. ఒకటి నిండితే రెండోదానికి మళ్ళించవచ్చు. ఏడాదిన్నర రెండేళ్ళకు మొదటిది ఎండి ఎరువవుతుంది. ఏ మనిషీ దిగనక్కర్లేదు. పెద్ద ట్యాంకులకు మిషన్లు ఉన్నాయి. మరుగుదొడ్ల దినం నాడు పంచాయతీని అడగాల్సింది ఇదే: మన ఊళ్ళో ఎన్ని దొడ్లకు రెండు గుంతలున్నాయి? ఎన్నింటికి మిషను వస్తుంది? ఎన్నింటిలోకి మన పిల్లోణ్ణి దించుతున్నారు?

మనసు రోగం దినం అక్టోబరు 10 కూడా ఇట్లాంటిదే. ధైర్యంగా ఉండండి, మనసులోని మాట ఎవరితోనైనా చెప్పుకోండి అంటారు. 2016 జనవరిలో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయే ముందు ఆయనా, నలుగురు స్నేహితులూ తమ మాట చెప్పుకోలేదా? హాస్టలు నుంచి వెలివేస్తే ఆరుబయట గుడారం వేసి, దానికి వెలివాడ అని పేరు పెట్టి మరీ చెప్పారు. చెప్పేవాళ్ళు ఉన్నారు. వినేవాళ్ళకే అవగాహన కావాలి.

పాఠం పోరాటమైన చోటు

మనలో చదువుకున్న కొందరు అంటారు: “ఎందుకన్నా గొడవ? ఏదో మంచి మాట చెప్తా ఉండారు. విని పోతే సరిపోతుంది గదా.” వాళ్ళకు పక్క జిల్లా నెల్లూరు కథ గుర్తు చేస్తాం.

1990 తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. అదీ సర్కారుదే. అదీ అవగాహనే. రాత్రిబడిలో లాంతరు వెలుగులో కూలితల్లులు పాఠాలు చదివారు. ఒక పాఠం సారా గురించి. మొగుడి కూలి సారా అంగడికి పోతే పిల్లలకు గంజి ఉండదని ఆ పాఠం చెప్పింది. సర్కారువారు అనుకున్నదేమిటి? ఆడవాళ్ళు చదివి, ఇంటికి పోయి, మొగుడికి నచ్చజెప్పుకుంటారని. దూబగుంట ఆడవాళ్ళు అట్లా చేయలేదు. పాఠం నిజమైతే అంగడి ఎందుకు ఉంది అని అడిగారు. వేలం పాట పాడించేది ఎవరు అని అడిగారు. చీపురు, కారం పట్టుకుని అంగడి మూయించారు. రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న సర్కారు సారాను నిషేధించక తప్పలేదు. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారన్నది వేరే సంగతి. ఆ ఎత్తేయడం కూడా మనకు ఒక పాఠమే.

ఇంకో కథ మన సరిహద్దు అవతల జరిగింది. 2021 డిసెంబరులో శ్రీపెరంబుదూరు దగ్గర ఫాక్స్‌కాన్ సెల్‌ఫోన్ ఫ్యాక్టరీ ఆడబిడ్డలకు హాస్టలు తిండి విషమైంది. 159 మంది ఆసుపత్రి పాలయ్యారు. తోటివాళ్ళు హైవే మీద బైఠాయించారు. ఫ్యాక్టరీ మూతపడింది, అమెరికాలో ఉన్న యాపిల్ కంపెనీ కూడా జవాబు చెప్పాల్సి వచ్చింది, హాస్టళ్ళు బాగుచేస్తామన్నాక జనవరిలో తెరిచారు. ఆహార దినాలు ఎన్నో పోయాయి. వంటగదిని మార్చింది రోడ్డు మీద కూర్చున్న ఆ ఒక్క రాత్రే.

ఈ రెండు కథల్లో తేలేది ఒకటే. అవగాహన కిందికి వచ్చి ఆగిపోతే అది ఉపన్యాసం. అది ప్రశ్నగా మారి పైకి పోతే ఉద్యమం.

మన ఇంట్లో మాట

పైవాళ్ళను అడుగుతూ మన ఇల్లు మనం ఊడ్చుకోకుండా ఉండలేం. టీబీ మందు ఆరు నెలలు వేసుకోవాలి. రెండు నెలలకు దగ్గు తగ్గిందని మానేస్తే రోగం ముదురుతుంది, ఇంట్లో పిల్లలకు పాకుతుంది. మందు ఉచితం. తిండికి నెలకు 500 ఇచ్చేవాళ్ళు, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. అది మన ఖాతాలో పడుతోందా అని అడగాలి. కుక్క కరిస్తే పసరు పూసి ఊరుకోకూడదు. పావుగంట సేపు సబ్బుతో, పారే నీళ్ళతో కడిగి, వెంటనే సర్కారు ఆసుపత్రికి పోయి సూది వేయించుకోవాలి. జ్వరం వచ్చిన ప్రతిసారీ సెలైను ఎక్కించమని మనమే అడగడం మానాలి. ఆడమనిషి రొమ్ములో గడ్డ ఉందని చెప్పడానికి సిగ్గుపడి ఏడాది గడిపితే నష్టం ఆమెకే. ఇక తాగుడు. నవంబరు 25న ఆడవాళ్ళ మీద హింస గురించి మాట్లాడేటప్పుడు అగ్రకులాల హింస ఒక్కటే మాట్లాడి, మన ఇంట్లో పడే దెబ్బలు దాచిపెడితే సంఘం మీద ఆడవాళ్ళకు నమ్మకం ఎందుకు ఉంటుంది? వాళ్ళను సంఘంలో వెనక వరసలో కూర్చోబెట్టి దూబగుంట గురించి చెప్పే హక్కు మనకు లేదు.

మన క్యాలెండరు

అందుకని కార్యకర్తలకు మేము చెప్పేది: ఈ దినాలను వదిలేయొద్దు, లాక్కోండి. ర్యాలీకి రమ్మంటే పోండి. పోయేటప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకుపోండి.

ప్రతి పల్లెలో ఒక నోటుపుస్తకం పెట్టండి. దాని పేరు పల్లె ఆరోగ్య పుస్తకం. చదువుకున్న ఆడబిడ్డ ఒకామె రాయాలి. కుళాయికి నీళ్ళు వచ్చిన రోజులు, రాని రోజులు. సబ్ సెంటరు తెరిచిన రోజులు, డాక్టరు ఉన్న రోజులు. లేవన్న మందుల పేర్లు. పిలిచిన అంబులెన్సు ఎంత సేపటికి వచ్చింది. ఫ్యాక్టరీలో వేలు తెగినవాళ్ళు, సొమ్మసిల్లినవాళ్ళు. ఈ ఏడాది పల్లెలో పోయినవాళ్ళు, ఏ వయసులో, దేనివల్ల. ఆరు నెలలు రాస్తే చాలు, ఏ అధికారీ ఆ పుస్తకం ముందు నోరెత్తలేడు.

తర్వాత ఒక్కో దినానికి ఒక్కో కాగితం.

సెప్టెంబరు నెలలో: మన అంగన్‌వాడీకి వచ్చిన గుడ్లెన్ని, పిల్లలకు పెట్టినవెన్ని?

అక్టోబరు 1న: పింఛను ఆగిన ముసలివాళ్ళు ఎవరు, ఎందుకు ఆగింది?

అక్టోబరు 15న: ఊరికి నీళ్ళు రోజుకు ఎన్ని గంటలు, పల్లెకు ఎన్ని గంటలు? ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం 2013లో వచ్చింది, 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. ఆ డబ్బులో మన వాడ నీళ్ళకు ఎంత ఖర్చయింది?

నవంబరు 14న: షుగరు, బీపీ మందులు నెలంతా ఉన్నాయా? మనకు దగ్గరి ఈఎస్‌ఐ డిస్పెన్సరీ ఏది, డాక్టరు ఏ రోజుల్లో ఉంటాడు? గోడ మీద రాయించండి.

నవంబరు 19న: గుంతలోకి మనిషిని దించబోమని పంచాయతీ తీర్మానం.

నవంబరు 26న రాజ్యాంగ దినం: బతికే హక్కు చెప్పే 21వ అధికరణం, జనం ఆరోగ్యం, పోషణ రాజ్యం బాధ్యత అని చెప్పే 47వ అధికరణం పల్లెలో పైకి చదవాలి.

డిసెంబరు 6న బాబాసాహెబ్ వర్ధంతి నాడు: ఏడాది పుస్తకం మొత్తం పల్లె ముందు చదవాలి. తర్వాత దాన్ని ఎమ్మెల్యే ముందు పెట్టాలి. సత్యవేడు రిజర్వుడు నియోజకవర్గం. సూళ్ళూరుపేట రిజర్వుడు. తిరుపతి లోక్‌సభ స్థానం రిజర్వుడు. మన పేరు మీద గెలిచినవాళ్ళు మన పల్లె చావుల లెక్క వినాల్సిందే.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం 2005 ఉంది. గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ అని ప్రతి ఊరికీ ఒకటి ఉండాలి. అందులో దళితవాడ ఆడమనిషి పేరు ఉందా, ఉంటే ఆమెకు ఆ సంగతి తెలుసా, చివరి మీటింగు ఎప్పుడు జరిగింది, డబ్బు దేనికి ఖర్చయింది అని అడగండి. శ్రీసిటీలో పనిచేసేవాళ్ళకు దినానికి ఒక కోరిక చాలు: అవగాహన సదస్సు షిఫ్టు గంటల్లోనే పెట్టాలి, ఆ గంటకు జీతం కోయకూడదు.

1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రిబాయి ఫూలే ఏ దినమూ జరపలేదు. రోగం సోకిన దళిత పిల్లవాణ్ణి మోసుకొచ్చి వైద్యానికి చేర్చింది. ఆ రోగమే తగిలి మార్చి 10న ప్రాణం విడిచింది. పేదవాడి రోగాన్ని తన రోగంగా చూడడం అంటే అది. అంత త్యాగం మేము అధికారులనూ కంపెనీలనూ అడగడం లేదు. కుళాయిలో నీళ్ళు, సబ్ సెంటరులో డాక్టరు, పే స్లిప్పు మీద ఈఎస్‌ఐ నెంబరు, గుంతలోకి మిషను, ఇవే అడుగుతున్నాం. ఇవి వచ్చిన రోజున మీ ర్యాలీకి డప్పు మేమే కొడతాం.

ఈ సెప్టెంబరు నుంచే పుస్తకం మొదలుపెట్టండి. మీ పల్లె పుస్తకంలో ఏం రాశారో మాకు పంపండి. ఈ పేజీల్లో అచ్చు వేస్తాం.

జై భీమ్!